‘పొట్ట సూడు’ అన్న డిస్కు

దెయ్యాల విషయంలో నేనెంత మొండివాణ్ణంటే, ఒకటి వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నా, ముందు దాని వైరు ఎక్కడైనా లూజుగా ఉందేమో చూస్తాను. చోడవరంలో ఇరవై ఆరేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "దానంతటదే ఆనైపోతన్నాదండీ" అని వణికిపోతూ జనం మోసుకొచ్చిన ప్రతి డబ్బాలోనూ నాకు దొరికింది దుమ్మో, బొద్దింకో, రెండూనో.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకుంటాను. నాకు పెంచి చెప్పే అలవాటుంది. మా ఆవిడ పార్వతి నా మాటల్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేసి నమ్ముతుంది. ఇందులోనూ పెంచిన చోట్లు ఉంటాయి, అవి మీకే తెలిసిపోతాయి. ఆ రోజు తెరమీద కనబడినదాని గురించి రాసిన చోట మాత్రం ఒక్క పొల్లు కూడా పెంచలేదు. పార్వతి పక్కనే ఉంది.

ముందు దానియేలు గురించి చెప్పాలి.

వడ్డాది రోడ్డులో నా షాపుకి సరిగ్గా ఎదురుగా అతని షాపు. నా బోర్డుని అల్లంత దూరాన ఉన్న రోలుగుంటలో నిలబడి చదువుకోవచ్చు. అతనికి బోర్డే లేదు. నా దగ్గర నాలుగు తిరిగే కుర్చీలు. అతని దగ్గర ఒక్క స్టూలు. కస్టమరు కూర్చుంటే దానియేలు నిలబడాలి, దానియేలు కూర్చుంటే కస్టమరు రోడ్డు మీద నిలబడాలి. అయినా జనం అక్కడికే వెళ్లేవారు. గోవాడ ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు ట్రాక్టర్లలా అతని గుమ్మం ముందు సీపీయూలు బారులు తీరేవి. నేను కుర్చీలో కూర్చుని వాటిని లెక్కపెట్టుకుంటూ గిర్రున తిరిగేవాణ్ణి.

దానికంతటికీ కారణం ఒక డిస్కు.

కంప్యూటరు మామూలుగా తన లోపలున్న హార్డ్ డిస్కుతోనే లేస్తుంది. దానికే జబ్బు చేస్తే, బయటినుంచి ఇంకో డిస్కు పెట్టి లేపాలి. మేమందరం విండోస్ బదులు వాడే లినక్సుకి ఒకటి, మెమరీ పరీక్షకి ఒకటి, హార్డ్ డిస్కు పరీక్షకి ఒకటి, మరిచిపోయిన పాస్‌వర్డు తీయడానికి ఒకటి, ఇలా సంచినిండా డిస్కులు మోసేవాళ్లం. దానియేలు అవన్నీ ఒకే డీవీడీలోకి ఎక్కించేశాడు. పెట్టగానే తెరమీద ఒక జాబితా వస్తుంది. కావలసిన వరుస మీదికి నీలం పట్టీని దింపి ఎంటర్ కొడితే చాలు. ఆ డిస్కు మీద మార్కరుతో ‘అన్నీ’ అని రాసుకున్నాడు.

జాబితాలో పేర్లు కూడా అతను పెట్టుకున్నవే. మన మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. మెమరీ పరీక్ష ‘బుర్ర సూడు’. పాస్‌వర్డు తీసేది ‘తాళం తియ్యి’. చెడిపోయిన హార్డ్ డిస్కు తెరిచి లోపలి ఫైళ్లు బయటికి లాగే చిన్న లినక్సు ‘పొట్ట సూడు’.

మొదటిసారి చూసినప్పుడు ఎగతాళి చేశాను. "ఏటి దానియేలూ, ఈ సూడుకి ఎస్సేటి? సి, హెచ్ ఎట్టి రాయడం రాదేటి నీకు?"

అతను నవ్వాడు. "నానేటి అంతానో అదే రాసేను అన్నయ్యా. నోటికీ సేతికీ తగూ ఉండకూడదు."

నేనూ నవ్వాను గానీ, నా కడుపులో ఒక ఫ్యాను తిరగడం మొదలెట్టింది. దానికి స్విచ్చి లేదు.

బయటివాళ్లు అతన్ని మెచ్చుకుంటే సరిపెట్టుకునేవాణ్ణి. మా ఇంట్లోనే మొదలైంది. పార్వతి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. జాకెట్ల చేతుల మీద, చీర అంచుల మీద మిషను కుట్టే డిజైన్లన్నీ తనే గీస్తుంది. చెరకు పూత వంగినట్టు ఒక అంచు గీసింది, అలాంటిది ఈ భూమండలంలో ఇంకెక్కడా లేదు. తొమ్మిదేళ్ల డిజైన్లు, ఒక్క పాత కంప్యూటర్లో. అదెంత పాతదంటే, పెన్ డ్రైవుతో లేపబోతే ఇదెవరన్నట్టు చూసేది. డిస్కు పెడితేనే పలికేది. వాటికి ఇంకో కాపీ లేదు. కాపీ తీసి దాచుకోండని మేం కస్టమర్లకి చెప్తాం. ఇంట్లో పాటించం.

ఒకరోజు ఆ కంప్యూటరు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది.

"దానియేలు అన్నయ్యకి ఓపాలి సూపిద్దుమండీ" అంది పార్వతి.

ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఎదురింటికి వెళ్తావా అన్నాను. నా డిస్కుతో నేనే చూస్తానన్నాను. అప్పటికి నా డిస్కు ఇంకా పుట్టలేదు.

ఆ మాట దక్కించుకోవడానికి పనిలోకి దిగాను. దానియేలు డిస్కులో లినక్సులు నాలుగుంటే నేను తొమ్మిది ఎక్కించాలి. డౌన్‌లోడ్లకే వారం పట్టింది. రాయబోయి పదిహేడు డిస్కులు పాడుచేశాను. పార్వతి వాటిని చిలకల్ని బెదిరించడానికి జామచెట్టుకి కట్టింది. చిలకలు వాటిలో మొహాలు చూసుకుని, తీరిగ్గా ముస్తాబై మరీ కాయలు తిన్నాయి.

పద్దెనిమిదోది రాశాను. ఒకసారి రాసి మూసేస్తే మళ్లీ అక్షరం మార్చడానికి వీల్లేని రకం. దానిమీద ఎర్ర మార్కరుతో ‘అన్నిటికన్నా అన్నీ’ అని రాశాను. జాబితాలో పేర్లు మాత్రం దానియేలువే కొట్టేశాను. అయితే చదువుకున్నవాణ్ణి కదా, సి, హెచ్ పెట్టి ‘బుర్ర చూడు’, ‘పొట్ట చూడు’ అని, వరసకి బాగుంటుందని అన్ని పేర్ల చివరా ‘చూడు’ పెట్టి దిద్దాను.

జాబితా ముచ్చటగా వచ్చింది. ఏ వరుస మీద ఎంటర్ కొట్టినా ‘ఫైలు దొరకలేదు’ అంది. షాపులో మూడు కంప్యూటర్లలో పెట్టాను. మూడూ కూడబలుక్కున్నట్టు అదే మాట.

అసలు ఇందులో పని ఇంతే. జాబితా ఏ ఫోల్డరు పేరు చెప్తే, డిస్కులో ఆ ఫోల్డరు అదే పేరుతో ఉండాలి. సరిచూద్దామని రెండూ కాగితాల మీద అచ్చు తీసి పార్వతిని కూర్చోబెట్టాను. ఆమె జాబితా చదివింది. "సూడు." నేను ఫోల్డరు పేరు చూసి "సూడు" అన్నాను. టిక్కు పెట్టాను. పదిసార్లు చదివాం. పదిసార్లూ కలిసింది. డిస్కు మాత్రం కలవలేదంది.

ఆ కాగితాలు బల్లమీద ఉండగా దానియేలు ఏదో కేబులు అడగడానికి వచ్చాడు. వాటివంక ఒక్క క్షణం చూసి నవ్వాడు.

"అన్నయ్యా, నీ నోటికీ సేతికీ తగూ వచ్చీసినట్టున్నాది."

నేను సి, హెచ్ పెట్టినందుకు పాత ఎగతాళి తిరిగి అప్పజెప్తున్నాడనుకున్నాను. "నా డిస్కు, నా ఇష్టం. నీ పని నువ్వు సూసుకో" అన్నాను.

అతను ఇంకా ఏదో చెప్పబోయాడు. నా మొహం చూసి ఆగాడు. "అలాగే అన్నయ్యా" అని వెళ్లిపోయాడు. కేబులు కూడా తీసుకోలేదు.

మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. ఎనిమిది రోజులకి గుండెపోటుతో పోయాడు. భూస్థాపనకి వెళ్లాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. చర్చి దాటి రోడ్డు మీదికొచ్చిన జనాన్ని చూసి, నాకు ఇందులో సగం మంది వస్తారా అని లెక్కవేసుకున్నాను.

ఆ పై వారం పార్వతి కంప్యూటరు తెర నల్లగా అయిపోయింది.

నా సంచిలో ఉన్న పాత డిస్కులన్నీ పెట్టాను. హార్డ్ డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటరుకి తగిలించాను. అసలు అలాంటిదేమీ తగిలించలేదన్నట్టు ఊరుకుంది. టిక్కు టిక్కు ఒక్కటే వినిపిస్తోంది. తిరిగి దాని గూట్లో బిగించాను.

పార్వతి అరవలేదు. అరిస్తే బాగుండేది. "అన్నయ్య ఉండగా సూపిద్దుమన్నాను" అంది, అంతే. తొమ్మిదేళ్ల పని నా కుళ్ళు మింగేసిందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్న కంప్యూటర్ని షాపుకి తెచ్చాను. తనూ వచ్చింది. టైము పదకొండు. ఎండ బల్లమీదికి వచ్చింది. రోడ్డు మీద చెరకు ట్రాక్టరు హారను. దెయ్యాలకి కావలసిన సరంజామా ఒక్కటీ లేదు.

ఇంకేమీ మిగల్లేదు గనక నా డిస్కే పెట్టాను. పనిచెయ్యదని తెలిసే పెట్టాను. ఊరికే చేతులు కట్టుకుని కూర్చుంటే పార్వతి వైపు చూడాల్సి వస్తుంది.

ఇక్కణ్ణుంచి పెంచడం లేదు.

జాబితా వచ్చింది. కీబోర్డు అందుకున్నాను. దాని వైరు కొసనున్న గుండ్రటి పిన్నుల్లో ఒకటి వంగి ఉంది. తగిలించకుండా, స్క్రూడ్రైవరుతో దాన్ని నిలబెడుతున్నాను. ముప్పై సెకన్లు ఏమీ నొక్కకపోతే మొదటి వరుస దానంతటదే మొదలయ్యేలా నేనే రాశాను. తెరమీద అంకెలు తగ్గుతున్నాయి.

"ఏటండీ, సూడుకి ఎస్ ఎట్టేరేటి?" అంది పార్వతి.

తలెత్తాను. నాలుగో వరుసలో ‘పొట్ట సూడు’ అని ఉంది. సి, హెచ్ లేవు. ఎస్ ఉంది.

నీలం పట్టీ మొదటి వరుస మీద ఉంది. మేం చూస్తుండగా రెండో వరుసకి దిగింది. కాసేపు ఆగి మూడోదానికి. ఇంకాసేపు ఆగి నాలుగోదానికి. తొందర లేకుండా, వెతుక్కుంటున్న మనిషి దింపినట్టు దిగింది. అక్కడ నిలిచింది. ఎంటర్ కొట్టినట్టు తెర మారింది.

కీబోర్డు వైరు కొస నా చేతిలోనే ఉంది. పార్వతి దానివైపు చూసింది, నా వైపు చూసింది. నేను దాన్ని ఎత్తి చూపించాను.

లినక్సు లేచింది. టిక్కు టిక్కు ఆగిపోయింది. హార్డ్ డిస్కు తెరుచుకుంది. తొమ్మిదేళ్ల డిజైన్లూ వరసగా, చెరకు పూత అంచుతో సహా. బయట తగిలించిన ఇంకో హార్డ్ డిస్కులోకి మౌసుతో లాగి వదిలాను. నలభై నిమిషాలు కాపీ అయింది. ఇద్దరం కదల్లేదు, మాట్లాడలేదు. ఇరవై ఆరేళ్ల నా షాపు జీవితంలో అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు.

ఆఖరి ఫైలు పడింది. హార్డ్ డిస్కు ఒక్కసారి టిక్కుమంది. మళ్లీ ఈ రోజుకీ పలకలేదు. కంప్యూటరు ఆపాను. డిస్కు ట్రే బయటికి వచ్చింది. అందులో వింతలేదు, ఆపితే లినక్సు అలాగే చేస్తుంది. నేను లెక్కలోకి తీసుకోను.

పార్వతి మాత్రం ఆ ట్రేకి దణ్ణం పెట్టింది. "సల్లగుండు అన్నయ్యా" అంది.

షాపు నాది, కరెంటు నాది, డిస్కు నాది. దణ్ణం అతనికి.

మధ్యాహ్నం అదే డిస్కుని అదే కంప్యూటర్లో పెట్టాను. ‘పొట్ట చూడు’ అని వచ్చింది. సి, హెచ్ తోటే. ఎంటర్ కొడితే ‘ఫైలు దొరకలేదు.’ షాపులోని మిగతా మూడింట్లోనూ అంతే.

అప్పుడు డిస్కు లోపలి అక్షరాలు ఒక్కొక్కటీ వేలుపెట్టి చూశాను. జాబితాలో చదువుకున్నవాడిలా సి, హెచ్ పెట్టి ‘చూడు’ అని రాశాను. ఫోల్డరు పేరు కొట్టేటప్పుడు మాత్రం ఆదమరిచి, ఎలా మాట్లాడతానో అలాగే ఎస్ పెట్టి ‘సూడు’ అని కొట్టాను. జాబితా ఏమో డిస్కులో లేని ఫోల్డరు కోసం వెతుకుతోంది. మేమిద్దరం పదిసార్లు పైకి చదువుకున్నప్పుడు ఎందుకు దొరకలేదంటే, మా ఇద్దరి నోట్లోనూ రెండూ సూడే.

నోటికీ చేతికీ తగువు. దానియేలు ఎగతాళి చెయ్యలేదు. తప్పు చూపించాడు. నేను వినలేదు.

అంటే ఆ డిస్కు ఏ కంప్యూటర్లోనూ, ఎప్పుడూ పనిచెయ్యడానికి వీల్లేదు. ఒక్కసారి చేసింది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. మొదటిది, పొరపాటున దానియేలు డిస్కే నా దగ్గరికి వచ్చిందేమో. కానీ ట్రేలో ఉన్న డిస్కు మీద నా ఎర్ర మార్కరు రాత ఉంది. అయినా దానియేలు భార్య మేరీని అడిగాను. "ఆ డిస్కేటి అన్నయ్యా, బైబిలుతోపాటు ఆయన సేతిలోనే ఎట్టీసినాం కదా" అంది.

రెండోది, మా కళ్లు భ్రమపడ్డాయేమో. కానీ ఫైళ్లు భ్రమ కావు. పార్వతి ఇప్పటికీ వాటితోనే కుడుతోంది. మూడోది, డిస్కులోనే ఏదో మెలిక ఉందేమో అని, నాకంటే బాగా తెలిసిన ఇద్దరికి దాన్ని చూపించాను. ఒకాయన నేను పెంచి చెప్తున్నానన్నాడు. ఇంకొకాయన టీ తాగి వెళ్లిపోయాడు.

తర్వాత తప్పు దిద్ది కొత్త డిస్కు రాసుకున్నాను. రెండుచోట్లా ఎస్సే పెట్టాను. చక్కగా పనిచేస్తోంది. ఇప్పుడు సీపీయూల వరుస నా గుమ్మం ముందుంది. వచ్చినవాళ్లు ఆ కథే అడుగుతారు. పార్వతి చెప్తుంది, ఒక్క ముక్క పెంచదు. వాళ్లంతా విని, ఎదురుగా మూసి ఉన్న షాపు వైపు తిరిగి తలలూపుతారు.

పాత డిస్కు పారెయ్యలేదు. ఎవరూ లేనప్పుడు దాన్ని పార్వతి పాత కంప్యూటర్లో పెడతాను. కీబోర్డు వైరు ఊడదీసి చేత్తో పట్టుకుంటాను. ముప్పై సెకన్లు కూర్చుంటాను. ‘పొట్ట చూడు’ అనే ఉంటుంది. పట్టీ మొదటి వరుస మీదే ఉంటుంది. అంకెలు సున్నాకి వచ్చేస్తాయి.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలీదు. తెలిసినట్టు నటించడం కూడా ఈ ఒక్క విషయంలో చేతకావడం లేదు. ఒకవేళ వచ్చింది అతనే అయితే, పార్వతి కోసం వచ్చాడు. నా కోసం రాడు. నీ పని నువ్వు చూసుకోమన్నది నేనే కదా.

అలా కూర్చున్నప్పుడు భయమెయ్యదా అని మీరడగొచ్చు. వెయ్యదు. అప్పుడూ ఆ పాత కుళ్ళే.