మునెమ్మ వంతు

మా మేడమీద గదిలో అద్దెకున్న అమ్మాయి ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో పని చేస్తోంది. ఆదివారం పొద్దున్నే కిందికి దిగి, మా వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని నాతోపాటు కాఫీ తాగడం ఆ పిల్లకు అలవాటు. పోయిన ఆదివారం మాత్రం చేతిలో కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా ఫోను వంకే చూస్తూ కూర్చుంటే, ఇంటి నుంచి ఏమైనా కబురు వచ్చిందా అని అడిగాను. అది కాదట. తానూ ఇంకొక అమ్మాయీ కలిసి ఫోనులో ఒక కథ రాసుకుంటున్నారట. కథలో ఒక మనిషి ఈమెదీ, ఒక మనిషి ఆమెదీ. ఆమె తన మనిషి చేసిందీ అన్నదీ రాసి పంపితే, ఈమె తన మనిషి తరఫున బదులు రాయాలి. ఏడాదిగా సాగుతున్న కథేగాని ఆ రెండో అమ్మాయి ముఖం తాను ఇంతవరకు చూడలేదని చెప్పింది.

"నా వంతు వచ్చి ఆరు రోజులైంది ఆంటీ. రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఒక్క ముక్క కూడా కుదరట్లేదు. మీకు నవ్వొస్తుందేమో."

నాకు నవ్వు రాలేదు. ఇలాంటి చిక్కు ప్రపంచంలో నాకూ మా అక్కకూ మాత్రమే వచ్చిందని ఇన్నేళ్ళూ అనుకుంటూ ఉన్నాను కాబట్టి, ఆశ్చర్యం వేసింది. అక్క అంటే తోడబుట్టినది కాదు, మా తోడికోడలు. నేను కృష్ణగిరిలో ఆ ఇంటికి రెండో కోడలుగా కాపురానికి వెళ్ళేనాటికి ఆమె వచ్చి ఆరేళ్ళయింది. మా వాళ్ళది పచారీ సామాన్ల అంగడి, ముందు అంగడి, వెనక ఇల్లు. మా అత్తగారు చెడ్డమనిషి కారు, నా ఈడువాళ్ళు చాలామంది చెప్పుకునే అత్తల లెక్కలో ఆమెను వేయలేను. అయితే ఇద్దరు కోడళ్ళు ఒకచోట చేరితే ముందు కబుర్లు, తరువాత కొట్లాటలు అని ఆమెకు గట్టి నమ్మకం. అందుకని పొద్దున వంటిల్లు అక్కకు, సాయంత్రం వంటిల్లు నాకు పంచి ఇచ్చారు. ఒకరు పొయ్యి దగ్గర ఉంటే ఇంకొకరు వెనక వసారాలో అంగడికి కావలసిన పప్పులు చెరగడమో, చింతపండు గింజలు తీయడమో చేస్తూ ఉండాలి. ఒకే ఇంట్లో ఉంటూ మేమిద్దరం రోజుకు పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ.

మిగతా మాటలకు బదులుగా వంటింటి తలుపు పక్కన ఒక పలక వేలాడదీసి ఉండేది. ఉలవలు నానేసినాను, మామకు సాంబారులో కారం తక్కువ, నూనె అయిపోవచ్చింది, ఇలాంటివి అక్క రాసి వెళ్ళేది, నేను చదివి తుడిచేసి నావి రాసేదాన్ని. అక్క రాయకోటలో అరవబడిలో చదువుకున్న మనిషి. తెలుగు అక్షరాలు ఇంట్లో వాళ్ళ నాయన ఇసుకలో వేలితో దిద్దించాడట, అందుకే కాబోలు ఆమె అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, నేల మీద రాసినట్టే ఉండేవి. మాట్లాడినట్టే రాసేది. నేను హోసూరులో తెలుగుబడిలో చదువుకున్నదాన్ని, మొదట్లో ఆ రాత చూసి లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకనాడు సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి పాలగిన్నె మూత పక్కన పడి ఉంది, పాలు సగానికి వచ్చాయి. ఆ మాట పలక మీద ఎలా రాయాలా అని ఆలోచించి, ఏ బుద్ధి పుట్టిందో, "పెద్దకోడలు గారికి, పాలు తాగినది నేను కాదని మనవి. ఇట్లు, పిల్లి" అని రాశాను. రాసిన తరువాత భయం వేసింది. మరునాడు చూస్తే కింద బదులు ఉంది. "పిల్లిగారికి, మీ మీసాలకు మీగడ అంటుకోని ఉండాది. తుడుచుకోని వచ్చి అబద్ధం చెప్పవలెను." పలక పట్టుకుని ఒంటరిగా ఎంతసేపు నవ్వానో. ఇంతకాలం నేను చూస్తున్నది ఎవరినో, ఈ మాట రాసిన మనిషి ఎవరో, ఆమె ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆనాడు మొదలైంది.

పిల్లి ఉత్తరాలు కొన్నాళ్ళు నడిచాయి. ఆ తరువాత నేను మా చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళి రైలులో తిరిగి వస్తూ సామల్పట్టి స్టేషనులో బండి చాలాసేపు ఆగిపోయిన సంగతి పలక మీద రాశాను. కృష్ణగిరికి రైలు లేదు కదా, మాకు రైలంటేనే ఒక వింత. అయినా అక్క అడిగిన ప్రశ్నలకు నేను తయారుగా లేను. ఆడ ఏమి అమ్ముతారు, కూర్చునేదానికి నీడ ఉందా, బండి పోయినాక పచ్చజెండా ఆయప్ప ఏమి చేస్తాడు, తరువాతి బండి వచ్చేవరకు ఎవరితో మాట్లాడతాడు. నాకు తెలియదు. తెలియదు కాబట్టి కల్పించాను. అలా నేను స్టేషనులో టికెట్లిచ్చే గుమాస్తానయ్యాను, అక్క స్టేషను బయట ఇడ్లీలమ్మే మునెమ్మ అయింది. పలక చాలక ఒక నోటుపుస్తకం పెట్టి, దాన్ని అటక మీద ఖాళీ అప్పడాల డబ్బాలో దాచుకున్నాము. పొద్దున ఆమె వంతు, సాయంత్రం నా వంతు. కట్టుబాటు ఒక్కటే, అదీ అక్క పెట్టిందే. ఎవరి మనిషిని వాళ్ళే నడపాలి, నా గుమాస్తా ఏమన్నా అనవచ్చు గాని మునెమ్మ నోట మాట పెట్టడానికి నాకు హక్కు లేదు.

ఏడాది పైనే హాయిగా సాగింది. గుమాస్తా ఇడ్లీ మెత్తగా లేదంటాడు, మునెమ్మ నీ బండి వేళకు రాలేదు గదప్పా అంటుంది. అయితే నాకు కొంత కాలానికి ఏదైనా పెద్ద సంగతి జరగాలని ఉబలాటం పుట్టింది. అంతకు ముందెప్పుడో మునెమ్మ ఒకచోట, తనకు తొమ్మిదేళ్ళప్పుడు నాయన ఇల్లు వదిలి పోయినాడని ఒక ముక్క అని ఊరుకుంది. అది పట్టుకున్నాను. ఒక సాయంత్రం నా వంతులో మధ్యాహ్నం పాసింజరు తెచ్చి ఆపి, అందులోంచి గుడ్డసంచీ పట్టుకున్న ఒక ముసలాయనను దింపి, ఈడ మునెమ్మ అని ఒకామె ఉందంట, నేను ఆమె నాయనను అని గుమాస్తాతో చెప్పించి, పుస్తకం డబ్బాలో పెట్టేశాను. మునెమ్మ ఏమంటుందో అన్న ఆత్రంతో మరునాడు సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూశాను.

పుస్తకంలో ఏమీ లేదు. ఆ మరునాడూ లేదు. పలక మీద మాత్రం పప్పు సంగతి, పెరుగు సంగతి మామూలుగానే ఉన్నాయి. నాలుగోనాడు తెల్లకాగితం మీద పసుపంటిన బొటనవేలి ముద్ర కనిపించింది. వారం తిరిగేసరికి "మునెమ్మ" అన్న మాట రాసి చెరిపి, మళ్ళీ రాసి చెరిపి, ఆ చోట కాగితం పలచబడిపోయి ఉంది. ఏదో తప్పు చేశానని తెలుస్తోంది గాని ఏమిటో తెలియదు, ఎదురుపడి అడిగే చనువు లేదు. ఆ కాస్త నవ్వూ పోతే ఆ ఇంట్లో నాకు ఇంకెవరున్నారు? చివరికి ధైర్యం చేసి, ముసలాయన తప్పు స్టేషనులో దిగాడని, వచ్చే బండికి పంపించేస్తానని పుస్తకంలో రాశాను. మరునాడు బదులు పుస్తకంలో కాదు, పలక మీదే ఉంది, అత్తగారు చూస్తారన్న భయం కూడా లేకుండా. "వచ్చినాయనను వెనక్కి పంపవద్దు."

ఆ వారంలోనే అత్తగారు ఊళ్ళో ఎవరో బాలింతను చూడడానికి వెళితే, వెనక వసారాలో మేమిద్దరమే చింతపండు ముందేసుకుని కూర్చున్నాము. నేను తల ఎత్తలేదు. అక్కే మొదలుపెట్టింది.

"మా నాయన రాయకోటలో రైలెక్కినాడు. సేలం పోయి సాయంత్రానికి వస్తానని చెప్పినాడు. నాకప్పుడు తొమ్మిదేండ్లు."

"నాకు తెలీదు అక్కా. తెలిసుంటే రాసేదాన్ని కాదు."

"నువ్వేమి చేస్తావు, నీకెవురు చెప్పినారు? ఈ ఇంట్లో ఎవురికీ చెప్పలేదు, సచ్చిపోయినాడనే చెప్పి పెండ్లి చేసినారు." రెండు గింజలు తీసి పక్కన పడేసి మళ్ళీ అంది. "మునెమ్మ ఏమంటాదో రాస్తామని కూర్చుంటాను. తిడతాదా, ఏడుస్తాదా, పొమ్మంటాదా? నేనేమంటానో నాకే తెలీదు గదా, ఇంక మునెమ్మకెట్లా తెలుస్తాది?"

ఆమె చేతులు దులుపుకుని, బేరం ఆడుతున్నట్టుగా అంది. "ఒక పని చేస్తాము. రొండు దినాలు నువ్వు మునెమ్మగా ఉండు. నీ గుమాస్తాను నాకియ్యి."

మరునాటికి పేజీ నిండిపోయింది. అన్నాళ్ళు ఒక్క మాట రాయలేని మనిషి, గుమాస్తా టోపీ పెట్టుకునేసరికి ఎంత సూటిగా అడిగిందో చూడండి. టికెట్టు చూపించండి. యాడ ఎక్కినారు? సామాను ఇంతేనా? వచ్చేది ఎవరికైనా చెప్పినారా? అన్నిటికంటే కింద, పెన్సిలు గట్టిగా నొక్కి, "ఇన్ని సంవత్సరాలు ఆ దారిలో ఇన్ని రైళ్ళు పోయినాయే, ఒక్కదాంట్లో కూడా మీకు చోటు దొరకలేదా?" కూతురికి అడగడానికి నోరు రాని ప్రశ్న టికెట్లిచ్చే వాడికి వచ్చింది. ప్రశ్నలడగడం అతని ఉద్యోగం కదా.

ఇంక మునెమ్మ నా చేతిలో పడింది. అప్పుడు తెలిసింది నాకు అక్క పడ్డ కష్టం. క్షమించిందని రాస్తే అబద్ధంలా ఉంది, తిట్టిందని రాస్తే ఇంకా పెద్ద అబద్ధంలా ఉంది. కూర పొయ్యి మీద మాడుతున్నా అలాగే నిలబడిపోయాను. మనసులో ఏముందో తెలియనప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో చూద్దామనిపించింది. మునెమ్మ ముసలాయనకని ఆకు వేసింది, తీసేసింది, మళ్ళీ వేసి నీళ్ళు చల్లింది, తన పాకలోంచి బయటికి రాలేదు. అంతే రాసి ఊరుకున్నాను. అక్క ఆ వాక్యం కింద చిన్న గీత గీసింది. బాగుందనో, అలాగే అనో, నేను అడగలేదు.

మేడమీద అమ్మాయికి ఆదివారం ఇంతవరకే చెప్పాను. ఆ పిల్ల వెంటనే ఫోను తీసి, రెండు రోజులు మనుషులను మార్చుకుందామా అని ఆ ముఖం తెలియని స్నేహితురాలికి రాసింది. బదులు రాగానే మెట్లు రెండేసి ఎక్కుతూ వెళ్ళిపోయింది. మిగిలింది వినలేదు. నిజానికి అసలు సంగతి ఆ మిగిలిందే.

మూడోనాడు అక్క మా కట్టుబాటు తానే తప్పింది. ముసలాయన ఆమె మనిషీ కాదు, నా మనిషీ కాదు, అతని బదులు ఎవరు రాయాలో మేము అనుకోలేదు. ఆమే రాసింది. "దిగాల్సిన చోట నిద్రపోయినానప్పా. లేచి చూస్తే చానా దూరం వచ్చేసినాను. వెనక్కి వచ్చేదానికి మొగం చెల్లలేదు." ఆ మూడు వాక్యాల్లో ఒక్క చెరుపు లేదు. దాని కింద గీత గీసి, మునెమ్మను నా దగ్గర నుంచి వెనక్కి తీసుకుని, మునెమ్మ మాటగా "ఇడ్లీ ఆరిపోతాది, తినండి" అని రాసింది. తినండి, అంది. దారినపోయే ప్రయాణికుడితో అన్నట్టు. అది తిను అయ్యేదానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది, నాయనా అన్న మాట రావడానికి ఇంకా ఎక్కువే పట్టింది. నేను తొందరపెట్టలేదు. నా గుమాస్తా రోజూ అతనికి చదవడానికి పాత పేపరు ఇచ్చి తన పని తాను చూసుకునేవాడు.

రాయకోటలో రైలెక్కినాయన మాత్రం తిరిగి రాలేదు. ఎక్కడున్నాడో, ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు. కాని ఆ ఏడు అక్క పుట్టింటికి వెళ్ళి వచ్చినప్పుడు, మొదటిసారి రాయకోట స్టేషను లోపలికి పోయి కాసేపు బెంచీ మీద కూర్చుని వచ్చినానని చెప్పింది. పలక మీద కాదు, నోటితో చెప్పింది. అప్పటికి అత్తగారు కూడా మమ్మల్ని విడదీయడం మానుకున్నారు. పొద్దునా సాయంత్రమూ ఇద్దరమూ ఒకే పొయ్యి దగ్గర ఉండేవాళ్ళము.

మా ఆయన హోసూరులో వేరే అంగడి పెట్టుకున్నాక పుస్తకం కొన్నాళ్ళు బస్సులో, ఊరికి వచ్చేవాళ్ళ చేతిలో తిరిగింది. తరువాత పిల్లలు, బడులు, రోగాలు. పది రోజులకు ఒకసారి వచ్చేది మూడు నెలలకు వచ్చింది, ఆ తరువాత రాలేదు. ఎవరి వంతు దగ్గర ఆగిపోయిందో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

అక్కకు ఎనభై దగ్గర పడుతున్నాయి. రోజూ ఫోను చేస్తాను. తింటివా అంటే తింటిని అంటుంది, షుగరు ఎంతుంది అంటే ఎంతో చెబుతుంది. ఫోనులో ముఖం కూడా కనిపిస్తుంది, కళ్ళజోడు మార్చిందో లేదో ఇక్కడి నుంచే చూసి చెప్పగలను. తోడికోడళ్ళు ఇంతగా మాట్లాడుకోవడం చూస్తే ఆ రోజుల్లో ఊరంతా చెప్పుకునేది. కాని నేను అడిగేవన్నీ బదులు ముందే తెలిసిన ప్రశ్నలు. ఒక మనిషి ఏమంటుందో తెలియక, సాయంత్రం ఎప్పుడవుతుందా అని పొద్దుటి నుంచి కాచుకుని ఉండడం ఎలా ఉంటుందో నా ఒంటికి ఇంకా గుర్తుంది. నిన్న ఫోను పెట్టేసేముందు, అక్కా ఈ మధ్య ఏమి ఆలోచిస్తున్నావు అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తోచక, మాత్రలు వేసుకో అని చెప్పి పెట్టేశాను.