బ్రేకమ్మ బండి బేరం

ఆవిడ అసలు పేరు మా వీధిలో ఎవరూ వాడరు. నేర్చుకునేవాళ్లు ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల బ్రేకమ్మ అంటారు. డ్రైవింగ్ స్కూలు కార్లో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి కదా, ఇరవై రెండేళ్లుగా ఆవిడ కూర్చున్నది ఆ సీట్లోనే. నాకూ ఆవిడే నేర్పింది. మొదటిరోజు నేను స్టీరింగుని కరుచుకుని కూర్చుంటే చూసి, "భయమెందుకు? నీ తప్పు కంటే నా కాలు ఎప్పుడూ ఒకడుగు ముందే ఉంటుంది" అంది. ఉండేది కూడా.

ఆ కాలే ఆవిడకి చిక్కు తెచ్చిపెట్టింది. బస్సులో కూర్చున్నా, బ్యాంకులో కూర్చున్నా, అన్నం తింటున్నా అది నేలని తొక్కుతూనే ఉండేది. "ఏమిటే కోడలా, ఆ నేలకి నొప్పెట్టదూ?" అని అత్తగారు ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

భర్తకి కళ్లజోళ్ల షాపు. నెమ్మదస్తుడు, మాట తూలనివాడు. సెలవు రోజు బయటికి వెళ్తే బండి ఆయనే నడిపేవాడు. "వారమంతా నీకదే పని కదా, ఈ ఒక్కరోజైనా హాయిగా కూర్చో" అనేవాడు. మంచి మనసుతోనే అనేవాడు. ఆవిడ హాయిగా కూర్చునేది, అంటే మళ్లీ పక్కసీట్లోనే. ఆయన వేగమూ నేర్చుకునేవాళ్ల వేగమూ ఇంచుమించు ఒకటే. యాభై ఒకటో ఏట ఒకసారి కూర్చుని ఆలోచిస్తే, తను ఎక్కిన బండి అరవై దాటి ఎన్నేళ్లయిందో ఆవిడకి గుర్తు రాలేదు.

అలాంటి సమయంలో ఇంటి కారు కాలం చేసింది. చిన్న కారు, పదిహేనేళ్లది. మెకానిక్కు కూడా ఒకప్పుడు ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడే. బానెట్టు దించి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "ఇక దీన్ని బాధపెట్టకండక్కా" అన్నాడు.

భర్త అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. కొత్త డీజిలు బండి కొనాలి. కాస్త ఎత్తుగా ఉంటుంది, మైలేజీ ఇస్తుంది, ఐదేళ్ల వారంటీ. అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా? ఇదా?" అని అడగడం ఆయనకి వృత్తి. ఇంట్లోనూ అదే వరస. నీలం రంగు కాయితం ఒకటి, బూడిద రంగుది ఒకటి ఆవిడ ముందు పెట్టి అడిగాడు. రెండూ ఒకే బండివి. ఆవిడ నీలం అంది.

షోరూముకి వెళ్లారు. అక్కడి అమ్మాయి తాళం ఇచ్చి, షోరూము చుట్టూ ఒక రౌండు తిప్పించింది. ఆ రౌండులో స్పీడుబ్రేకర్లే నాలుగు. ఎలా ఉందని భర్త అడిగితే, "బాగుంది" అంది ఆవిడ, ఎవరైనా ఒంట్లో ఎలా ఉందని అడిగితే చెప్పినట్టు.

ఆ వారమే దవడ పన్ను నొప్పెట్టి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఈ డాక్టరు లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఆవిడ పుణ్యాన పాసయినవాడు. ఐదేళ్ల కిందట ఎవరో సరదా పుట్టించారని ఒక పెద్ద విదేశీ ఎస్‌యూవీ కొన్నాడు. పెట్రోలు బండి, పరుగుపందేనికి పెంచిన గుర్రంలాంటి ఇంజను. ఆవిడ నోట్లో దూది కుక్కి, ఇక ఎదురు మాట్లాడలేదని రూఢి చేసుకుని, అప్పుడు మొదలుపెట్టాడు.

"మేడమ్, ఆ బండి అమ్మేస్తున్నానండీ."

"ఆఁ?"

"నా వల్ల కావట్లేదు. మీరు నేర్పినట్టే నడిపాను, ఒట్టు, ఏనాడూ యాభై దాటలేదు. కానీ కాలు ఆనించానో లేదో, అది నన్ను లాక్కుపోతానంటుంది. గొలుసు తెంపుకునే కుక్కని తిప్పుతున్నట్టుంది నా బతుకు."

"ఊఁ, ఊఁ."

"మీరు కొత్త డీజిలు బండి చూస్తున్నారటగా, మీకైతే ఆ ధరకే ఇచ్చేస్తాను. చూడండి ఒకసారి."

ఆవిడ దూది తీసి పక్కన పెట్టి, "రేపు మధ్యాహ్నం ఖాళీనా మీకు?" అంది. పన్ను సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

మర్నాడు ఊరు దాటేదాకా ఆవిడ క్లాసు చెబుతున్నట్టే నడిపింది. హైవే ఎక్కాక అద్దంలో చూసింది, వెనక ఎవరూ లేరు. ముందొక లారీ. కాలు నొక్కింది.

"వీపుని ఎవరో చేత్తో పట్టుకుని సీటుకి అదిమినట్టయింది" అని నాకు చెప్పింది తర్వాత. "లారీ ముందుందా, ఇంతలో వెనకుంది. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలీదు. నూటనలభై. చప్పుడు కూడా లేదు. ఎవరూ వినకుండా మనతో మాత్రమే మాట్లాడుతున్నట్టు చిన్న గుర్రు, అంతే. పక్కకి చూస్తే డాక్టరుగారు రెండు పాదాలతో కింద మ్యాటుని తొక్కేస్తున్నారు, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. నవ్వొచ్చేసింది. ఎంత నవ్వానంటే కళ్లమ్మట నీళ్లు."

తిరిగొచ్చాక ఆవిడ తాళం రెండుసార్లు అడిగించుకుని గానీ ఇవ్వలేదు. డాక్టరు ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు తాగి, "అంటే నచ్చినట్టేనా?" అన్నాడు.

అక్కణ్ణుంచి పదిరోజులు ఆవిడ కాలుకాలిన పిల్లే. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, లేకపోతే అసలు వేసేది కాదు. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లి, తడిబట్ట చేతిలో పట్టుకుని హైవే వైపు చూస్తూ నిలబడిపోయేది. భర్తకి విషయం చెప్పింది. ఆయన తెల్లబోయినా తమాయించుకుని రెండు బండ్ల కాయితాలూ పక్కపక్కన పెట్టాడు. "ఇదా? ఇదా?"

"ఉండండి, చెప్తాను" అనేది ఆవిడ. చెప్పేది కాదు.

అత్తగారు పెద్దబండి ఫోటో ఫోన్లో చూసి, "చూడ్డానికి ఏనుగులా ఉంది. మేతెవరు వేస్తారే? అయినా నేనెక్కాలంటే నిచ్చెన కూడా కొనాలి" అంది.

మెకానిక్కు ఆ బండిని తన షెడ్డులో పైకెత్తి ఒకపూటంతా చూశాడు. "ఇంజను బంగారమక్కా. ఎవడూ పరిగెత్తించలేదు కాబట్టి అరగలేదు. కానీ స్ప్రింగులకి బదులు కిందున్న గాలిబుడ్లు నీరసించాయి. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి ఒకపక్కకి ఒరుగుతుంది. ఏ ముక్క కావాలన్నా సముద్రం దాటి రావాలి. నడిచినంతకాలం రాజభోగం. ఆగిందంటే మాత్రం నా షెడ్డే దానికి పుట్టిల్లు."

"కొనొద్దంటావా?"

"నేనెందుకంటాను? మీ మొహం చూస్తే కొనేసినట్టే ఉంది."

ఆ మర్నాడే జరిగింది. దర్జీపని చేసే ఒకావిడ నేర్చుకుంటోంది, ఆరో రోజు. కుట్టుమిషను మీద కాలు గాలిలా ఆడే మనిషి, కారు పెడలు మీద మాత్రం గుడ్డు మీద పెట్టినట్టు పెట్టేది. గోదాముల వెనక తిన్నగా ఉండే రోడ్డు. బండి రెండో గేరులో మూలుగుతోంది.

"తొక్కండమ్మా. గేరు మార్చి తొక్కండి."

"చాలా మేడమ్?"

"ఇంకా. ఇంకొంచెం."

దర్జీ తొక్కింది. ఎప్పుడూ లేనిది ధైర్యం చేసి తొక్కింది. రోడ్డు చివర మలుపు, మలుపు దగ్గర కంకర గుట్ట. బ్రేకమ్మ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, చూపు మాత్రం అక్కడ లేదు. అది హైవే మీద, ఒక లారీ పక్కనుంచి దూసుకుపోతోంది. గుట్ట కనపడింది. కాలు పడింది. కానీ పడాల్సిన క్షణంలో పడలేదు. బండి ముందుచక్రాలు కంకర మీదికెక్కించి, మూతి ఆకాశంలోకి పెట్టి ఆగిపోయింది. బంపరు ఊడి వేలాడింది. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు.

దర్జీ స్టీరింగు వదలకుండానే అడిగింది. "మీ వైపు బ్రేకు పనిచేయలేదా మేడమ్?"

"అది చేసిందమ్మా. నేనే చేయలేదు."

అందర్నీ పిలిచి వారంపాటు క్లాసులు లేవని చెప్పింది. నేరుగా కళ్లజోళ్ల షాపుకి వెళ్లి, పరీక్ష చేసే కుర్చీలో, అక్షరాల పట్టిక ఎదురుగా కూర్చుంది. భర్త కంగారుగా వచ్చాడు.

"దెబ్బలేమైనా...?"

"లేవండి. నాకు పక్కసీటు విసుగొచ్చింది. స్కూలు బండిలోనే కాదు, మన బండిలో కూడా."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలో పట్టుకున్నాడు. "నేను నడపడం నచ్చదా నీకు?"

"మీకేం, బాగానే నడుపుతారు. ఒక్కసారైనా తప్పు చేస్తే తిట్టనైనా తిట్టేదాన్ని కదా."

"ఇన్నేళ్లూ ఒక్కమాట అనలేదే!"

"నాకు విశ్రాంతి ఇస్తున్నానని మీరెంత సంతోషపడేవారు? ఏమని చెప్పను?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "అయితే ఆ పెద్దబండే తీసుకో. అమ్మకి నిచ్చెన నేను చేయిస్తాను" అన్నాడు.

ఆవిడ వాదనకి సిద్ధమై వచ్చింది. మూసి ఉందనుకుని భుజంతో నెట్టిన తలుపు తెరిచే ఉంటే మనిషి ఎలా బోర్లా పడతాడో, ఆవిడకి అలా అయింది. ఇక కాదనేవాళ్లు లేరు. అదీ కష్టమే. ఇంటికి వెళ్లి సాయంత్రందాకా ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగింది.

బంపరు బిగించడానికి మెకానిక్కు దగ్గరికి వెళ్లినప్పుడు, మాటల్లో డీజిలు బండి గురించి అడిగింది, అడగాలి కాబట్టి. వాడు తల గోక్కున్నాడు.

"అది మీకు సరిపడదేమో అక్కా. మీరు తిరిగేదెంత? ఇల్లు, షాపు, మార్కెట్టు. ఈ కొత్త డీజిలు వాటికి పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. పొట్టి తిరుగుళ్లు తిరిగితే అది పూడుకుపోతుంది. వారానికొకసారైనా ఖాళీ రోడ్డు మీద అరగంట బాగా పరిగెత్తించాలి. అప్పుడే ఆ మసి కాలుతుంది."

"తప్పనిసరా?"

"తప్పనిసరే. వైద్యం లాంటిది."

ఆవిడ స్టూలు మీద కూర్చుని పడీ పడీ నవ్విందట. మెకానిక్కుకి ఏమీ అర్థం కాలేదు.

అయినా ఆ రోజే తేల్చుకోలేదు. మరో రెండు రోజులు గింజుకుంది. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పింది. "మీ బండి బాగుందండీ. బాగాలేనిది నేనే. అది నా వాకిట్లో ఉంటే నా కాలెప్పుడూ దాని మీదే ఉంటుంది. స్కూలు బండిలో నా పక్కన ఎవరి పిల్లో కూర్చుని ఉంటుంది." డాక్టరు దిగాలుపడ్డాడు. తర్వాత ఆ పన్ను పీకాడు.

నీలం డీజిలు బండి వచ్చింది. ఒక షరతు మీద: సెలవు రోజున ఆవిడే నడపాలి. మొదటి మూడు వారాలు భర్త పక్కన కూర్చుని, కిటికీ పైన పట్టీని గబ్బిలంలా పట్టుకుని వేలాడాడు. నాలుగో వారం గుమ్మంలోనే, "నువ్వెళ్లి మసి కాల్చుకునిరా, నేను అమ్మ దగ్గరుంటాను" అన్నాడు. ఆవిడ బతిమాలలేదు.

ఆ బండి నూటపదికే రొప్పుతుంది. లారీని దాటాలంటే ముందూ వెనకా చూసుకుని, ఊపిరి బిగబట్టాలి. పెద్దబండి పక్క ఊళ్లో ఎవరో కొనుక్కున్నారని తెలిసింది. దానిలాంటి బండి ఎదురైతే ఆవిడ మెడ ఇప్పటికీ తిరుగుతుంది. "కొనుంటే బాగుండేదా?" అని నేనొకసారి అడిగాను. "ఏమో. వారానికి ఆరు రోజులు కొననందుకు సంతోషంగా ఉంటుంది" అంది.

స్కూలు మళ్లీ మామూలుగా నడుస్తోంది. దర్జీ లైసెన్సు తెచ్చుకుంది.

మెకానిక్కు చెప్పింది అరగంట. ఆవిడ దాన్ని గంట చేసింది, తర్వాత రెండు గంటలు. పోయిన ఆదివారం ఎటూ మళ్లకుండా పోతూనే ఉంటే రోడ్డు ఒక నది దగ్గర ఆగిపోయిందట. వంతెన లేదు. బల్లకట్టు మీద బండ్లని దాటిస్తున్నారు. అవతలి ఒడ్డున రోడ్డు మళ్లీ మొదలై, చెట్ల మధ్యకి పోతోంది. ఇంజను ఆపకుండానే ఇంటికి ఫోను చేసింది.

"భోజనానికి రాలేనండీ. మీరు తినేయండి."

"ఎంతసేపవుతుంది?"

బల్లకట్టువాడు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

"తెలీదండీ" అంది ఆవిడ. మొదటి గేరు వేసింది.