ఒక గంప తక్కువ

1987 అక్టోబరు 4, ఆదివారం. నల్లమల అడవి చూపించి సాయంత్రానికి దింపుతానన్న ఒక పడవవాడి పుట్టిలో, పాలమూరు జిల్లా కొసన కృష్ణానదిపై కూర్చున్నాను. పుట్టి వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. ఒకవైపు బరువెక్కితే ఒరుగుతుంది. నాకు ఈత రాదు.

అవతలి ఒడ్డున దిగవలసిన ఒక భారీకాయురాలు సీతాఫలాల గంపతో ఎదురుగా కూర్చోగానే పుట్టి అటు ఒరిగింది. కడుపుతో ఉన్న ఆమె కూతురు ఆ పండ్ల కోసం కలవరిస్తోందట. బాగా మగ్గిన పండ్లు. గట్టిగా కుదిపితే చితికిపోతాయి.

"సారూ, నువ్వెంత బరువుంటవ్?" అని అడిగింది.

"నలభై తొమ్మిది కిలోలు. రైల్వేస్టేషన్ యంత్రంపై చూసుకున్నాను."

"గట్ల అందరికి చెప్పకు. ఇంట్ల బువ్వ పెడ్తలేరనుకుంటరు," అంటూ గంప నా ఒడిలో పెట్టింది. "జర పైలం. నా బిడ్డ నోటికాడి పండ్లు."

"ఇంకో గంప గావాలె అక్కా!" అన్నాడు పుట్టి నడిపే అతను.

"నీ తెడ్డు నువ్వు చూస్కో!"

సుడిలో పుట్టి గిరగిరా తిరిగింది. అతడు మొసళ్లను, కొండచరియలను చూపిస్తూనే ఉన్నాడు. నేను చూసింది గంపనే. పుట్టి అంచును పట్టుకోవలసిన రెండు చేతులూ గంప చుట్టే ఉన్నాయి. భయపడడం మరిచిపోయాను.

ఒడ్డు చేరాక ఆమె పండ్లన్నీ తడిమి చూసింది. ఒక్కటీ చితకలేదు.

"నీ ఒడిల పసిపిల్లను గూడ పండవెట్టొచ్చు సారూ," అని గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె పేరు నేను అడగలేదు. ఆ తరువాత ఎన్నో తూకపు యంత్రాలు ఎక్కాను. ముల్లు సరిగ్గానే చూపిస్తుంది. నాకు మాత్రం ఒక గంప తక్కువనిపిస్తుంది.