పలకని గది

జగ్గయ్యపేట నుంచి నందిగామకి ఇల్లు మారిన మర్నాడే ఆఫీసు వాళ్ళు ఆఖరి గడువు పెట్టారు. సాయంత్రంలోగా టెస్ట్ పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు. నా లాప్‌టాప్‌లోనే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు నెట్‌వర్క్ గదులు కట్టాలి. మధ్యలో ఉత్తుత్తి తీగ ఒకటి లాగి, ఈ గదిలోంచి పింగ్ కొట్టి పిలిస్తే ఆ గది పలకాలి.

పలికితే కదా! విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని పొద్దున్నుంచీ కొడుతూనే ఉన్నా. తీగ రెండు కొసలకీ అడ్రసులిచ్చా, ఆన్ చేసా, చెరో గదిలోకి పంపా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంతా తుడిచేసి మళ్ళీ అదే వరసలో చేసా. ఏడుపొచ్చింది. మా ఆయన కాఫీ పెట్టనా అంటే ఆయన మీద అరిచా.

ఆయన వెళ్ళి ఫ్రిజ్ తెరిచారు.

"ఏమే, బండిలోంచి దింపాక దీన్ని ఆన్ చెయ్యలేదా? పాలు విరిగిపోయాయి."

చెయ్యలేదు. పాత ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేది కదా, అదే ధ్యాసలో పొద్దున పాలు పెట్టేసా.

అప్పుడు వెలిగింది. గదిలోకి మార్చగానే తీగ కొస ఆగిపోతుంది, ఇచ్చిన అడ్రసూ పోతుంది. ముందు పంపాలి, తర్వాతే అడ్రసిచ్చి ఆన్ చెయ్యాలి. అలాగే చేసా. అవతలి గది వెంటనే పలికింది.

టీమ్ లీడ్‌కి చెబుదామని ఆఫీసు చాట్ తెరిచా. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టా. అసలు అలాంటి అకౌంటే లేదంది. గడువు సాయంత్రం దాకా అన్నారు, బయట ఇంకా ఎండ కూడా దిగలేదు.

చాట్ వెనక తెర మీద ఆ గది పలుకుతూనే ఉంది.