ఉప్పు లేని ఇంట్లో నల్ల సీసా

ఆ ఇంట్లో ఇద్దరు ఉప్పు లేకుండా తింటున్నారు. ఒకామెకి డాక్టరు వద్దన్నాడు. రెండో ఆమెకి ఎవరూ వద్దనలేదు. అయినా పెట్టలేదు.

నికోసియాలో మరూల్లా అనే ముసలావిడని కనిపెట్టుకుని ఉండే పని మాల్కాంతిది. శ్రీలంకలో మాతర దగ్గరి పల్లె నుంచి సైప్రస్ వచ్చింది. మరూల్లాని అందరిలాగే తనూ ‘యాయా’ అంటుంది, అమ్మమ్మా అన్నట్టు. యాయాకి రక్తపోటు. పైగా ఉప్పు దొంగ. కూతురు డెస్పో ఎక్కడ దాచినా వెతికి పట్టేసేది. విసిగిపోయిన డెస్పో ఒకరోజు ఉప్పుడబ్బా, ఆలివ్ కాయలు, ఉప్పు చీజ్ అన్నీ మూటకట్టి తన ఇంటికి పట్టుకుపోయింది. అప్పటినుంచి యాయా తినేదే మాల్కాంతీ తినాలి. ఎండుచేప వేయించుకుంటానంటే కర్టెన్లకి వాసన పడుతుందంది డెస్పో. మాల్కాంతి నోరెత్తలేదు. వీసా ఆ ఇంటితో ముడిపడి ఉంది. తిండి దగ్గర పేచీ పెట్టొద్దని పంపిన ఏజెంటు మరీమరీ చెప్పాడు.

చప్పటి అలసందలు నములుతున్నప్పుడల్లా ఆమెకి మార్మైట్ గుర్తొచ్చేది. ఈస్ట్ నుంచి తీసే ఆ నల్లటి, ఉప్పటి ముద్ద. జ్వరమొస్తే అమ్మ దాన్ని వేణ్నీళ్లలో కలిపి, నిమ్మకాయ పిండి, వేయించిన ఉల్లిపాయ ముక్కలు వేసి ఇచ్చేది. నికోసియా పాతబస్తీలోని లంక కొట్లన్నీ గాలించింది మాల్కాంతి. ఎప్పుడడిగినా ‘వచ్చే సరుకులో ఉంటుందక్కా’ అనడమే.

ఆదివారం సెలవు. పార్కులో దుప్పట్లు పరుచుకుని లంక ఆడవాళ్లంతా కూర్చునే చోట, స్నేహితురాలు శ్రియాని ఒక సీసా తీసి ఆమె ఒళ్లో పెట్టింది. పైన కారబ్ పాకం బొమ్మ ఉంది. కారబ్ కాయల్ని ఉడికించి తీసే నల్లటి తీపి పాకమది. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

“తీపి నాకెందుకే?” అంది మాల్కాంతి.

“మూత తియ్యి ముందు.”

తీసింది. వాసన తగలగానే కళ్లు చెమర్చాయి.

“అయ్యో, మొగుడు కువైట్ వెళ్లిన రోజున కూడా ఏడవలేదు కదక్కా నువ్వు!” పకపకా నవ్వింది శ్రియాని. “మా ఇంట్లో ఖాళీ సీసా ఉంటే కడిగి, నాదాంట్లోంచి సగం తోడి తెచ్చాను.”

“ఎక్కడ దొరికిందే?”

“పెద్ద బజార్లో, ఇంగ్లీషువాళ్ల సరుకులు పెట్టే అరలో. జాం సీసాల పక్కన.”

“మన మార్మైట్‌తో వాళ్లకేం పని?”

“అది మొదట వాళ్లదేనంట తల్లీ! నువ్వేమో మన కొట్లన్నీ తిరిగావు. ఇదిగో, వేలు పెట్టి నాకకు. రాసీ రాయనట్టు రాసుకో.”

ఆ వారమంతా, యాయా కునుకు తీసే వేళ, వేడి రొట్టెకి వెన్న రాసి, పైన సన్నగా ఆ నలుపు పులిమి, వంటింటి గుమ్మంలో కూర్చుని తినేది మాల్కాంతి. తిన్నాక సీసాని బట్టల పెట్టెలో పెట్టేసేది. దొంగసొత్తు కాదు, అయినా దాచుకుంది.

శనివారం పొద్దున యాయా స్నానాలగదిలోంచి కేకేసింది. సీసా బల్లమీదే వదిలేసి పరుగెత్తింది మాల్కాంతి. యాయాకి బట్టలు మార్చి తీసుకొచ్చేసరికి డెస్పో వచ్చి ఉంది. ఊరినుంచి తెచ్చిన తాజా అనారి, అంటే మెత్తటి తెల్ల చీజ్, రెండు పళ్లేల్లో పెట్టింది. దానిమీద కారబ్ పాకం పోసుకుని తినడం వాళ్ల అలవాటు. బల్లమీద సీసా ఉంది, బొమ్మ ఉంది. పాకం పాతబడి గట్టిపడిందనుకుని చెంచాతో తవ్వి వేసేసింది.

మాల్కాంతి “వద్దు మేడమ్!” అనేలోపే యాయా చెంచా నోట్లోకి వెళ్లిపోయింది. ముసలావిడ కళ్లు మూసుకుంది. ఇంకో చెంచా పెట్టుకుంది.

డెస్పో తన పళ్లెంలోది నోట్లో పెట్టుకుని తుపుక్కున ఊసింది. “ఛీ! చెప్పులు ఉడకబెట్టిన నీళ్లలా ఉంది!” ఆ వెంటనే ముఖం పాలిపోయింది. “ఉప్పు! మా అమ్మకి ఉప్పు పెడుతున్నావా నువ్వు? ఇవాళే ఏజెన్సీకి ఫోన్ చేస్తాను, సామాను సర్దుకో!”

డెస్పో తల్లి చేతికి బీపీ మిషన్ పట్టీ చుట్టింది. అది బుసబుసమని ఉబ్బి, నెమ్మదిగా దిగింది.

రోజూ ఉండే అంకెలే.

“చూశావా, చావలేదు,” అంది యాయా, పళ్లెం తనవైపు లాక్కుంటూ. “ఒసే డెస్పో, పిల్ల మీద అరవకు. దాని సీసా తీసింది నువ్వు, నాకు పెట్టింది నువ్వు.”

పళ్లెం లాగేసుకుని మాల్కాంతి వైపు తిరిగింది డెస్పో. “ఇది దాచిపెట్టి తినడమెందుకు? ఇంట్లో తిండి లేదా?”

“యాయా తినేదే తింటున్నాను, మేడమ్.”

“అంటే... ఉప్పు లేకుండానా?”

“నాకు బీపీ లేదు, మేడమ్.”

అంతే అంది. డెస్పో కుర్చీలో కూలబడింది. “చెప్పొచ్చుగా!” అంది.

అడగాల్సినవాళ్లు అడగకుండా ఊరుకుని, చెప్పలేని మనిషిని చెప్పలేదేమంటారు. వీసా, జీతం, నిద్రపోయే మంచం అన్నీ ఒకే ఇంటి దయ మీద ఉన్నప్పుడు, కూరలో ఉప్పు అడగడానికి కూడా గుండె కావాలి.

సోమవారం డెస్పో ఉప్పుడబ్బా తెచ్చి మాల్కాంతి గదిలో పెట్టి, యాయా చేతికి దొరక్కుండా గది తాళం ఆమెకే ఇచ్చింది. అసలు బొమ్మతోనే కొత్త మార్మైట్ సీసా కూడా తెచ్చింది. వెనక వసారాలో చేపలు వేయించుకోమంది, సణుగుతూనే. ఆ సాయంత్రం మాల్కాంతి గిన్నెలో నీళ్లు మరిగించి, నల్లముద్ద కలిపి, నిమ్మకాయ పిండి, ఉల్లిపాయలు వేసింది. తలుపు మూయలేదు. వంటింట్లో, బల్ల దగ్గర కూర్చుని తాగింది. ఎదురుగా యాయా ముక్కుపుటాలు ఎగరేస్తూ, “వాసనకి రక్తపోటు రాదుగా?” అంది. మాల్కాంతి కప్పు ఆమె ముక్కు దాకా జరిపింది. యాయా లాక్కోకుండా, కప్పుని గట్టిగా పట్టుకునే.

ఇది చదివే మీ ఇంట్లోనూ వంట చేసేవాళ్లో, పెద్దవాళ్లని చూసుకునేవాళ్లో ఉండొచ్చు. రేపు పొద్దున అడగండి, ఏం తిన్నావని, ఏం తినాలనుందని. అడిగి ఊరుకోకండి. వంటింట్లో ఒక అర ఖాళీ చేసి ఇవ్వండి, కాసేపు పొయ్యి వదలండి, మీరు తినేలాంటి కంచమే ఇవ్వండి. వాసన మీకు పడకపోతే కిటికీ తెరుచుకోండి.