పట్టు

నిన్న కుప్పంలో నా బండి ఆగిపోయింది. మెకానిక్ సీటు తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. “కనెక్టర్ కరిగిపోయిండాదక్కా” అన్నాడతను. నాకు మాత్రం పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారి గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఆరేళ్లు. జ్వరంతో కాలిపోతున్న అమ్మను వెనక కూర్చోబెట్టుకుని, నన్ను ట్యాంకు మీద ఎక్కించుకుని నాయన మదనపల్లె ఆసుపత్రికి బయలుదేరాడు. సగం దారిలో ఇదే వాసన వచ్చి బండి ఆగింది. అమ్మ కొంగు కప్పుకుని కల్వర్టు మీద కూర్చుంది. నాయన సీటు విప్పి వైర్లను తడుముతూ పోయి, ఒకచోట చురుక్కుమంటే వేలు వెనక్కి తీసుకున్నాడు. కరిగి అతుక్కుపోయిన కనెక్టర్‌ను మెల్లగా విడదీశాడు.

“యాల కాలింది నాయనా?”

“ఈడ పట్టు వదులైండాది పాపా. పట్టు వదులైతే వేడెక్కుతాది.”

ఆయన వైర్లు మెలిపెట్టి టేపు చుడుతుంటే నేను వెళ్లి అమ్మ చేతిని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. “నొస్తాండాదే” అంది అమ్మ. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

ఆసుపత్రి మంచం పక్కన కూడా అలాగే పట్టుకుని కూర్చున్నాను. మరునాడు పొద్దునకు ఆ చెయ్యి చల్లబడింది.

“నాయనా, వేడి తగ్గిపోయింది సూడు” అన్నాను సంబరంగా.

నాయన ఆ కనెక్టర్‌ను విడదీసినంత మెల్లగా నా వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు.

నేను మరీ గట్టిగా పట్టుకున్నానేమోనని చాలా ఏళ్లు అనుకుంటూ ఉండేదాన్ని.