అమెరికా వాళ్ల హెల్, డాలీగంజ్ నరకం

పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లోని మా ఇంట్లో నరకం అన్న మాట మీద సర్వహక్కులూ అయ్యగారివే. అంటే, మా తెలుగు సంఘం పాస్టరుగారివి. ఆదివారం మందిరంలో ఆయన అంటే అది ప్రసంగం. సోమవారం ఇంట్లో నేనంటే నోటిదురుసు. ఇదెక్కడి న్యాయమని అడిగే అలవాటు నాకు చిన్నప్పటి నుంచే ఉంది. ఇంటర్ చదివే రోజుల్లో ఆ అలవాటు వల్లే నా పత్రికల కట్ట పోయినంత పనైంది.

అవి అమెరికా పత్రికలు. ఎవరో అధికారి బదిలీ మీద వెళ్లిపోతూ, నాన్న మాస్టారు కదా, పనికొస్తాయని ఇచ్చిపోయాడు. అప్పటికే ముసలివి. ఉప్పుగాలికి అంచులు మెత్తబడి బూజువాసన కొట్టేవి. నాన్న బళ్లో లెక్కలు చెప్పేవారు, వాటి మొహం చూడలేదు. నేను మాత్రం వదల్లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంగ్లీషు నేర్చుకోవడానికి అంతకంటే సరదా అయిన దారి నాకు దొరకలేదు మరి.

అందులో నాకు బాగా నచ్చిన మాట హెల్. ఆ పాతకాలపు అమెరికా విలేఖరికి అది కరివేపాకు. అన్నింట్లోనూ వేస్తాడు, ఎవరూ నమలరు. ఎండ హెల్‌లా కాస్తుంది. బేస్‌బాల్ ఆటగాడు హెల్‌లా పరిగెడతాడు. పంట ఎండినా రైతు హెల్ అంటాడు, విరగకాసినా హెల్ అంటాడు. కొన్ని పత్రికలకు సిగ్గు. మొదటి అక్షరం, చివరి అక్షరం అచ్చేసి మధ్యలో గీత పెట్టేవి. కొంగుతో సగం మొహం కప్పుకున్న మనిషిలా, ఎవరో అందరికీ తెలుస్తూనే ఉండేది.

ఒకరోజు కిరసనాయిలు స్టవ్ ఎంతకీ వెలగకపోతే, "వాట్ ది హెల్!" అన్నాను. నాన్న గుమ్మంలోనే ఉన్నారు.

"ఏమన్నావ్?"

"స్టవ్‌ని అన్నాను నాన్నా, మిమ్మల్ని కాదు."

"విశ్వాసుల ఇంట్లో స్టవ్‌ని కూడా అనకూడదు. రేపు ఆ కట్ట చేపల భయ్యాకి ఇచ్చేయ్. పొట్లాలు కట్టుకుంటాడు."

నేను ఏడవలేదు, వాదించాను. సాయంత్రం ఇంటి ప్రార్థనకు అయ్యగారు వస్తారు కదా, ఆయన్నే తీర్పు చెప్పమందామన్నాను. నాన్నకు తన గెలుపు మీద ఎంత నమ్మకమంటే, కట్టను ఆయనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు.

ప్రార్థన అయ్యాక ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. అయ్యగారు కళ్లజోడు సర్దుకుంటూ అన్నీ విన్నారు.

"వీళ్లలో ఒక్కడైనా నరకానికి భయపడుతున్నాడా తల్లీ?"

"లేదండీ."

"అదీ నా బాధ. నా సరుకు వీళ్లిలా వీధిలో పారబోస్తే, ఆదివారం నేనేం చెప్పి భయపెట్టాలి?"

టీ తెచ్చిన అమ్మ ఊరుకోలేదు. "ఏటండి అయ్యగారూ, మన సంఘంలో నరకమంటే ఎవలు బయపడతారు? అందరం జహాజు అడుగున బంక్ క్లాసులో సముద్రం దాటి వొచ్చినోలమే కదా! వానాకాలం, కింద ఇంజిను రొద, పక్కన వాంతులు. ఇంకేటుంటాది అక్కడ?"

"నువ్వూ అన్నావా ఆ మాట!" అన్నారు నాన్న.

"అన్నాను, తో క్యా హువా? ఆ రోజు జహాజులో మీరూ అన్నారు, వాంతుల బకెట్టు పట్టుకుని."

అయ్యగారికి టీ పొలమారింది. ఆయనా బంక్ క్లాసులోనే వచ్చారు. దగ్గీ నవ్వీ తేరుకుని తీర్పు చెప్పారు. "కట్ట ఉంచండి మాస్టారూ. కానీ పిల్ల ఒక్కతే చదవకూడదు. పైకి చదవాలి, మీరు పక్కన కూర్చుని వినాలి."

ఇదేం తీర్పని నేను నోరు తెరవబోతే అమ్మ వెనక నుంచి జడ లాగింది.

మర్నాటి నుంచి సాయంత్రాలు వరండాలో నేను చదవడం, నాన్న కాపలా. ఆ మాట రాగానే నేను అతివినయంగా ఆగేదాన్ని. నాన్న "ఊఁ" అని దాన్ని దాటించేవారు. మొదట్లో ఆ "ఊఁ" రాయిలా పడేది. తర్వాత ఒక ఊరి మేయరు మురుగుకాలువల సొమ్ము మింగిన కథ మొదలైంది. సంచికకు కొంత చొప్పున వస్తున్న ఆ కథ విందామని నాన్న బడి నుంచి పెందరాళే రావడం మొదలుపెట్టారు.

సరిగ్గా మేయరు బోనెక్కే చోట సంచిక అయిపోయింది.

"తర్వాతది తియ్యి."

"లేదు నాన్నా. మన కట్టలో రాలేదు."

నాన్న కట్టంతా విప్పి, వరండా నిండా పరిచి, మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. దొరకలేదు. నడుం పట్టుకుని లేస్తూ, "వాట్ ది..." అని, నన్ను చూసి ఆగిపోయారు.

"ఊఁ" అన్నాను నేను, మర్యాదగా.